నేరం చట్టానిది, నింద కూతురిది

బయట వాన. కూతురు తడవకూడదని ఒక నల్లజాతి తల్లి రెయిన్‌కోటు పట్టుకుని బడికి వస్తుంది. తరగతి గుమ్మంలో నిలబడి అమ్మాయి కోసం అడుగుతుంది. మా క్లాసులో నల్లపిల్లలెవరూ లేరంటుంది టీచరు. తల్లి లోపలికి తొంగి చూసి, అదిగో నా బిడ్డ అంటుంది. పుస్తకం అడ్డం పెట్టుకుని మొహం దాచుకున్న పియోలా, చూపుకి తెల్లగానే ఉండే ఆ పిల్ల, తల్లి మీద మండిపడుతూ బయటికి నడుస్తుంది. 1934లో వచ్చిన ‘ఇమిటేషన్ ఆఫ్ లైఫ్’ అనే హాలీవుడ్ సినిమాలో ఘట్టమిది. ఫానీ హర్స్ట్ 1933లో ప్రచురించిన నవల దీనికి ఆధారం. పెద్దయ్యాక పియోలా తల్లిని వదిలి తెల్లవాళ్లలో కలిసిపోతుంది. తల్లి ఆ దిగులుతోనే కన్నుమూస్తుంది. శవయాత్ర నాడు కూతురు పరుగెత్తుకొచ్చి భోరుమంటుంది. 1959లో డగ్లస్ సర్క్ ఇదే కథను మళ్లీ తీశాడు. పేర్లు మారాయి, తీర్పు మారలేదు.

తీర్పు ఇది: తెల్లదానిగా చలామణీ కావాలనుకున్న ఆడపిల్ల తన సుఖం కోసం కన్నతల్లిని కాదనుకుంది, ఆమె ఉసురు పోసుకుంది. అమెరికాలో ‘పాసింగ్’ అని పిలిచే ఈ రహస్య జీవితం మాట ఎక్కడ వచ్చినా తొంభై ఏళ్లుగా ఇదే పాట వినిపిస్తోంది. పాసింగ్ చేసిన స్త్రీ మోసగత్తె అంటారు. పైకి ఎగబాకాలన్న స్వార్థం అంటారు. లాభం తనది, నష్టం కన్నవాళ్లది అంటారు. ఈ మాట తప్పు, పైగా అన్యాయం. ఒక దేశం చట్టాలు రాసి, కోర్టులతో ముద్ర వేయించి, మూకల్ని చూసీచూడనట్టు వదిలేసి చేసిన నేరాన్ని ఒక ఆడపిల్ల నెత్తిన రుద్దే మాట అది.

ఆ సినిమా తయారైన తీరే ఇందుకు సాక్ష్యం. మొదటి స్క్రిప్టులో ఒక నల్లజాతి యువకుణ్ణి మూక చంపబోయే ఘట్టం ఉంది. తెల్లజాతి స్త్రీ పిలిచిందనుకుని పలకరించడమే అతను చేసిన తప్పు. హాలీవుడ్ సెన్సారు వ్యవహారాలు చూసే జోసెఫ్ బ్రీన్ కార్యాలయం దానికి అభ్యంతరం చెప్పింది. కథలో రెండు జాతుల కలయిక ఛాయలున్నాయని కూడా పట్టుబట్టింది. మూక ఘట్టం తెర మీదికి రాలేదు. పియోలా ఎందుకు భయపడుతోందో చెప్పగలిగిన దృశ్యం పోయింది. మిగిలింది ఏడ్చే తల్లి, కృతజ్ఞత లేని కూతురు.

తెర మీద లేని చట్టం ఊళ్లో ఉంది. 1896లో ప్లెసీ వర్సెస్ ఫెర్గూసన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు రైళ్లలో నల్లవాళ్లకి వేరే బోగీ పెట్టడం రాజ్యాంగబద్ధమేనంది. ఆ కేసు వేసిన హోమర్ ప్లెసీ పూర్వీకుల్లో ఎనిమిదింట ఏడు వంతులు తెల్లవాళ్లే. 1924లో వర్జీనియా చేసిన జాతి శుద్ధి చట్టం, ఇతర రక్తం ఆనవాలైనా లేనివాళ్లే తెల్లవాళ్లని తేల్చి, వాళ్లు బయటివాళ్లని పెళ్లాడటాన్ని నేరం చేసింది. ఇలాంటి పెళ్లి నిషేధాలు దేశమంతటా చెల్లకుండా పోవడానికి 1967లో లవింగ్ కేసు తీర్పు దాకా ఆగాల్సి వచ్చింది. 1930 జనాభా లెక్కల్లోనైతే, నల్లజాతి రక్తం ఎంత తక్కువున్నా నల్లవారిగానే రాయాలని లెక్కలు తీసేవాళ్లకి ఆదేశాలిచ్చారు. అసలీ తెల్లని ‘నల్లవాళ్లు’ ఎక్కడి నుంచి వచ్చారు? చాలామంది పూర్వీకురాళ్లు బానిస స్త్రీలు. యజమానుల బలాత్కారానికి వాళ్లు కన్న బిడ్డల వారసులే వీళ్లు. మోసం మాట ఎత్తేవాళ్లు లెక్క అక్కడి నుంచి మొదలుపెట్టాలి.

ఎలెన్ క్రాఫ్ట్ అలాంటి బిడ్డే. జార్జియాలో యజమానికీ బానిస స్త్రీకీ పుట్టింది. చూసినవాళ్లు ఇంటి బిడ్డే అనుకునేంత తెల్లగా ఉండటం యజమాని భార్యకి కంటగింపైంది. పదకొండేళ్ల ఎలెన్‌ని తన కూతురి పెళ్లికి కానుకగా ఇచ్చేసింది. ఆ పెళ్లికూతురు ఎలెన్‌కి సొంత తండ్రి కూతురు. 1848 డిసెంబరులో ఎలెన్, ఆమె భర్త విలియం మేకన్ ఊరి నుంచి పారిపోయారు. విలియం నల్లగా ఉంటాడు కాబట్టి సేవకుడిలా నటించాలి, ఎలెన్ యజమానిలా నటించాలి. అయితే తెల్లజాతి స్త్రీ మగ బానిసని వెంటబెట్టుకుని ఒంటరిగా ప్రయాణం చేయడం ఆ రోజుల్లో ఉండదు. అందుకని ఎలెన్ తెల్లదైతే చాలదు, మగాడు కూడా కావాలి. జుట్టు కత్తిరించుకుంది, ప్యాంటు కోటు తొడుక్కుంది, కళ్లకి ఆకుపచ్చ అద్దాలు పెట్టుకుంది. గడ్డం లేని మొహానికి కట్టు కట్టుకుంది. చదువు దక్కనివ్వలేదు కాబట్టి హోటల్ రిజిస్టర్లో సంతకం పెట్టలేదు; కుడిచేతికీ కట్టు కట్టించుకుంది. రైల్లో పక్కన కూర్చున్నవాడు యజమాని ఇంటికి వచ్చిపోయే మనిషి. గొంతు గుర్తుపడతాడని చెవిటివాడిలా నటించింది. క్రిస్మస్ నాటికి ఇద్దరూ ఫిలడెల్ఫియా చేరారు. బానిస తల్లిగా బిడ్డని కనకూడదన్న పట్టుదలే ఆమెని ఆ బండి ఎక్కించింది. సుఖం కోసం ఎగబాకిన స్త్రీ అన్న వర్ణన ఈమెకి ఎక్కడ అతుకుతుందో చెప్పాలి.

అది బానిసత్వం రోజుల మాట, తరువాత అలా కాదుగదా అనవచ్చు. తరువాతి సంగతే చూద్దాం.

1897లో బోస్టన్‌కి చెందిన ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలు పట్టభద్రులయ్యారు. తండ్రి భవనాల్లో ఊడ్పు పనిచేసే జానిటర్. కొడుకు ఫ్రెడరిక్ హెమింగ్స్ ఎంఐటీలో నల్లజాతి విద్యార్థిగానే చదివి డిగ్రీ తీసుకున్నాడు. కూతురు అనీతా హెమింగ్స్ చేరింది వాసర్ అనే పేరుమోసిన మహిళా కళాశాలలో, తెల్లజాతి అమ్మాయిగా. ఎందుకీ తేడా? ఎంఐటీ నల్లజాతి కుర్రాణ్ణి చేర్చుకుంది. వాసర్ మాత్రం 1940 దాకా తెలిసి ఒక్క నల్లజాతి అమ్మాయినీ చేర్చుకోలేదు. పెద్దింటి ఆడపిల్లలు ఒకే గదిలో పడుకుని ఒకే బల్ల మీద తినే చోట రంగు పట్టింపు మరింత గట్టిగా ఉండేది. అన్నదమ్ములకి తెరుచుకున్న తలుపు అక్కచెల్లెళ్లకి మూసుకుపోయి ఉంటే, దొడ్డిదారిన వెళ్లిన ఆడపిల్లనే దొంగ అంటున్నాం.

అనీతా రూమ్మేటుకి అనుమానం వచ్చింది. ఆ అమ్మాయి తండ్రి ఒక డిటెక్టివ్‌ని పెట్టి బోస్టన్‌లో కూపీ లాగించాడు. డిగ్రీ చేతికి రావడానికి కొద్ది వారాల ముందు గుట్టు రట్టయింది. కళాశాల పెద్దలు కూర్చుని ఆలోచించి చివరికి డిగ్రీ ఇచ్చారు గానీ పత్రికలు ఆ పిల్లని ఊరంతా తిప్పాయి. ఆమె తరువాత బోస్టన్ పబ్లిక్ లైబ్రరీలో పనిచేసింది. తనలాగే తెల్లగా ఉండే నల్లజాతి డాక్టరుని పెళ్లాడింది. ఇద్దరూ న్యూయార్క్‌లో తెల్లవాళ్లుగా కాపురం పెట్టారు. కూతురిని మళ్లీ వాసర్‌కే పంపారు, తెల్లజాతి అమ్మాయిగానే. అనీతా తల్లి ఆ ఇంటికి ఒకే ఒక్కసారి వచ్చిందనీ, అప్పుడు కూడా పనివాళ్ల ద్వారం గుండా రావాల్సి వచ్చిందనీ మునిమనవరాలు జిలియన్ సిమ్ 1999లో ఒక పత్రికలో రాశారు. ఆ పనివాళ్ల ద్వారాన్ని కనిపెట్టింది అనీతా కాదు. న్యూయార్క్ భవనాల్లో నల్లవాళ్లు ఎటునుంచి రావాలో అప్పటికే ఖాయమై ఉంది. కూతురు ముందు గుమ్మంలోంచి తల్లిని పిలిస్తే భర్త ప్రాక్టీసు, పిల్లల బడి, ఉంటున్న ఇల్లు అన్నీ పోతాయి. తల్లికి అది తెలుసు. అందుకే ఆ మెట్లెక్కింది.

సినిమా చెప్పని పెద్ద నిజం ఇక్కడుంది. పాసింగ్ చాలాసార్లు కూతురు ఒక్కతే చేసిన పని కాదు, తల్లి చేయించిన పని. చరిత్రకారిణి అలిసన్ హాబ్స్ 2014లో ప్రచురించిన ‘ఎ చోజెన్ ఎగ్జైల్’ పుస్తకం మొదట్లోనే తన బంధువర్గంలోని ఒకామె సంగతి చెబుతారు. షికాగోలో పెరిగిన ఆ అమ్మాయిని హైస్కూలు కాగానే తల్లి లాస్ ఏంజెలెస్‌కి పంపేసింది, అక్కడ తెల్లదానిలా బతకమని. వెళ్లనని ఆ పిల్ల ఎంతో బతిమాలుకుంది. తల్లి వినలేదు. ఏళ్లు గడిచాయి, తెల్లజాతి భర్త, పిల్లలు. ఒకరోజు తల్లి ఫోను చేసింది: నాన్న చావుబతుకుల్లో ఉన్నాడు, వెంటనే రా. రాలేనంది కూతురు. ఈ చివరి మాటొక్కటే విన్నవాళ్లకి ఆమె కఠినాత్మురాలు. మొదటినుంచీ విన్నవాళ్లకి తెలుస్తుంది, వద్దు మొర్రో అన్న పిల్లని తిరిగిరాలేని చోటికి పంపారని.

బెల్ డ కోస్టా గ్రీన్ విషయంలోనూ అంతే. హార్వర్డ్ కాలేజీ నుంచి పట్టా పొందిన మొదటి నల్లజాతి విద్యార్థి రిచర్డ్ గ్రీనర్ కూతురామె. తల్లిదండ్రులు విడిపోయాక తల్లి ఇంటిపేరుని గ్రీన్‌గా మార్చి పిల్లలతో తెల్లవాళ్లలో కలిసింది. బెల్ ఛాయకి జవాబుగా పోర్చుగీసు మూలాల కథ పుట్టింది, పేరులో ‘డ కోస్టా’ చేరింది. 1905లో ధనకుబేరుడు జె. పి. మోర్గాన్ దగ్గర చేరి, అపురూపమైన రాతప్రతులు సేకరించి, 1924లో మోర్గాన్ లైబ్రరీకి మొదటి డైరెక్టర్ అయింది. 1950లో చనిపోయేముందు తన సొంత కాగితాలన్నీ కాల్చేసింది. జీవితమంతా ఇతరుల కాగితాలు భద్రపరిచిన మనిషికి తన కాగితాలు దాచుకునే ధైర్యం లేకుండా చేశారు. తండ్రిని గురించి ఏమనుకునేదో, రాత్రిళ్లు దేనికి భయపడేదో ఆమె నోట మనకిక తెలియదు.

స్వార్థం అన్న మాట పట్టుకుని వేలాడేవాళ్లు షెరిల్ హారిస్ 1993లో హార్వర్డ్ లా రివ్యూలో రాసిన వ్యాసం మొదలు చదవాలి. ఆమె అమ్మమ్మ మిసిసిపీ నుంచి షికాగో వచ్చి, 1930లలో ఒక పెద్ద దుకాణంలో తెల్లదానిగా ఉద్యోగం సంపాదించింది. పొద్దున బస్సెక్కి వెళ్లేది, సాయంత్రం నల్లవాళ్ల పేటలోని ఇంటికి తిరిగొచ్చేది. మధ్యలో తోటి ఉద్యోగినులు నల్లవాళ్ల గురించి ఏం వాగినా పెదవి కదపకుండా వినేది. ఇంట్లో ఆమె సంపాదన మీద ఆధారపడ్డ పిల్లలున్నారు. అక్కడ దక్కిన లాభం నెలజీతం. దానికోసం తన మొహం మీదే తన వాళ్లని తిడుతుంటే విని ఊరుకోవడం ఏ లెక్కల పుస్తకంలో సుఖం కింద రాస్తారు?

మోసం అన్న ఆరోపణ ఎంత దూరం వెళ్లగలదో 1925లో న్యూయార్క్ రాష్ట్రంలోని వైట్ ప్లెయిన్స్ కోర్టు చూపించింది. లెనర్డ్ రైన్‌లాండర్ ఎన్నో తరాల ఆస్తిపరుల ఇంటి కుర్రాడు. ఆలిస్ జోన్స్ ఇంటిపనులు చేసుకునే అమ్మాయి. మూడేళ్ల ప్రేమ తరువాత 1924 అక్టోబరులో పెళ్లి చేసుకున్నారు. పెళ్లికూతురి తండ్రి నల్లజాతివాడని పత్రికలు బయటపెట్టాయి. కొన్ని వారాలకే, కుటుంబం ఒత్తిడి మీద, తన జాతి దాచి మోసం చేసిందంటూ లెనర్డ్ పెళ్లి రద్దుకు దావా వేశాడు. న్యూయార్క్‌లో జాతులు కలిసిన పెళ్లి నేరం కాదు కాబట్టి, పెళ్లి చెరిపేయడానికి మోసం ఒక్కటే దారి. ఆలిస్ ఉత్తరాలు నిండు కోర్టులో చదివారు, పడకగది మాటలతో సహా. ఆలిస్ వకీలు ఎత్తుగడ వేరు: ఆమెలో నల్లజాతి రక్తం ఉందని ఒప్పుకుందాం, అది లెనర్డ్‌కి ముందే తెలుసని నిరూపిద్దాం. నిరూపణ ఏమిటంటే, ఆమెని పక్క గదిలోకి తీసుకెళ్లి, అందరూ తెల్ల మగవాళ్లే అయిన జ్యూరీ ముందు బట్టలు దించి, వీపు, రొమ్ము, కాళ్లు చూపించడం. పెళ్లికి ముందే ఈ ఒళ్లు చూసినవాడికి రంగు తెలియకుండా ఉంటుందా అని వాదన. ఆలిస్ ఏడుస్తూ తల్లిని పట్టుకుని బయటికొచ్చింది. విచారణ మొత్తంలో ఆమె బోనెక్కి ఒక్క మాట మాట్లాడలేదు.

జ్యూరీ ఆలిస్ వైపే తీర్పిచ్చింది. ఆ గెలుపు విలువెంతో ఆలోచించాలి. ఆమె తెల్లదాన్నని బొంకిందని రుజువు కాలేదు, అయినా బట్టలు విప్పాల్సి వచ్చింది. చివరికి విడాకుల ఒప్పందంలో జీవితాంతం ఏటా 3,600 డాలర్లు ఇస్తామన్నారు, రైన్‌లాండర్ అన్న ఇంటిపేరు వాడకూడదన్నారు. నిజం చెప్పి ఉంటే పోయేదిగా అనే పెద్దమనుషులకి ఈ కేసు కంటే మంచి జవాబు లేదు. దాచినా, దాచకపోయినా, ఆడదాని ఒంటినే తిరగేసి చూశారు.

కడుపు సంగతి వేరే చెప్పాలి. పాసింగ్ చేసిన మగవాళ్లూ ఉన్నారు. న్యూయార్క్ టైమ్స్ విమర్శకుడు అనటోల్ బ్రొయార్డ్ 1990లో చనిపోయేదాకా పిల్లలకి తన జాతి చెప్పలేదు. అతను పోగొట్టుకున్నదీ తక్కువేం కాదు, అక్కచెల్లెళ్లకి దూరమైపోయాడు. అయినా తొమ్మిది నెలలు కడుపులో మోస్తూ పుట్టే బిడ్డ ఏ రంగులో వస్తుందోనని బిక్కుబిక్కుమనే శిక్ష అతనికి లేదు. నెల్లా లార్సెన్ 1929 నవల ‘పాసింగ్’లో స్త్రీలు టీ తాగుతూ మాట్లాడుకునేది ఈ భయం గురించే. పుట్టిన బిడ్డ రంగుకి జవాబు చెప్పాల్సింది ఎప్పుడూ తల్లే. దక్షిణాఫ్రికాలో 1955లో తెల్ల దంపతులకి పుట్టిన శాండ్రా లేయింగ్ ఛాయ తక్కువగా ఉండేసరికి ఊరు అనుమానించింది తల్లి శీలాన్ని. తండ్రి రక్తపరీక్ష చేయించుకుని తన బిడ్డేనని వాదించాల్సి వచ్చింది. 1966లో పదేళ్ల శాండ్రాని తెల్లపిల్లల బడి నుంచి వెళ్లగొట్టారు, ప్రభుత్వం ఆమె జాతినే మార్చి రాసింది.

ఈ కథలో మన దేశపు అమ్మాయి కూడా ఒకతి ఉంది. 1911లో బొంబాయిలో పుట్టి, కలకత్తాలో పెరిగిన ఎస్టెల్ థాంప్సన్, ఆంగ్లో-ఇండియన్ పిల్ల. లోకం ఆమెని మెర్ల్ ఒబెరాన్‌గా ఎరుగును. ‘ది డార్క్ ఏంజెల్’లో నటనకి ఉత్తమ నటి ఆస్కార్ నామినేషన్ అందుకుంది, 1939లో ‘వదరింగ్ హైట్స్’ చేసింది. తాను ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో పుట్టానని స్టూడియో చెప్పించిన కథని చచ్చేదాకా మోసింది. ఆమెది అబద్ధాల బతుకు అని 1983లో జీవితచరిత్ర బయటికొచ్చిన రోజు నుంచీ అంటూనే ఉన్నారు. నిజం చెబితే ఏమయ్యేది? 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు తెల్లవాళ్లు కారు, పౌరసత్వానికి పనికిరారంది. 1917 చట్టం భారతీయుల వలసని అప్పటికే ఆపేసింది. ఆ తలుపు కాస్త తెరుచుకుంది 1946లో. హాలీవుడ్ నియమావళి తెల్ల హీరోతో వేరే జాతి స్త్రీ ప్రేమని తెర మీద చూపొద్దంది. నిజం చెప్పిన మెర్ల్‌కి హాలీవుడ్‌లో హీరోయిన్ వేషం లేదు, అమెరికా గడప దాటే హక్కే అనుమానం.

ఆమెని పెంచిన షార్లెట్ సెల్బీ సింహళ మూలాలున్న స్త్రీ. నిజానికి అమ్మమ్మ; కన్నది షార్లెట్ కూతురు కాన్‌స్టన్స్, అప్పటికి ఆమే పసిపిల్ల. ఆ పరువు దాచడానికి మనవరాలిని కూతురిగా పెంచింది షార్లెట్. లండన్‌లో మెర్ల్ ఇంట్లో అతిథులొస్తే, అమ్మ అని పిలిపించుకోవాల్సిన ఆ మనిషి ఆయాగా చలామణీ అయింది. 1937లో కన్నుమూసింది. తరువాత మెర్ల్ ఆమె బొమ్మ గీయించిందనీ, అందులో ఒంటి రంగు తేల్చి వేయించిందనీ జీవితచరిత్రకారులు రాశారు. చర్మం తెల్లబరిచే మందులు మెర్ల్ మొహాన్ని పాడుచేశాయనీ రాశారు. 1978లో హోబర్ట్ నగరం తమ ఊరి బిడ్డ వచ్చిందని టౌన్‌హాల్లో సన్మానం పెడితే, ఒంట్లో బాగాలేదని ఆమె మధ్యలోనే వెళ్లిపోయిందంటారు. మరుసటి ఏడాదే పోయింది. ఆమె సినిమాలతో డబ్బు చేసుకున్న నిర్మాతల్ని ఎవరూ మోసగాళ్లనలేదు.

ఒక అభ్యంతరానికి మాత్రం తలవంచి జవాబు చెప్పాలి. తెల్లవాళ్లలో కలిసినవాళ్లు వెనక మిగిలినవాళ్లని గాయపరచలేదా? గాయపరిచారు. పియోలాగా నటించిన ఫ్రెడీ వాషింగ్టన్ నిజజీవితంలో తెల్లదానిగా చలామణీ కావడానికి ఒప్పుకోలేదు. ‘ది ఎంపరర్ జోన్స్’లో పాల్ రోబ్సన్ పక్కన మరీ తెల్లగా కనిపిస్తోందని ఆమెకి నల్లరంగు పూశారు. 1937లో నీగ్రో యాక్టర్స్ గిల్డ్ స్థాపకుల్లో ఒకరైంది. ఆ నిజాయితీకి హాలీవుడ్ ఇచ్చిన ప్రతిఫలం, వేషాలు లేకపోవడం. ఆమె తెగువకి ఎంత చేతులెత్తి మొక్కినా తక్కువే. అయితే ఆమెని చూపించి అనీతానీ మెర్ల్‌నీ తిట్టడం కుదరదు. దాచుకోనివాళ్ల దగ్గర పని లాక్కున్నదీ, దాచుకున్నవాళ్ల దగ్గర తల్లిని లాక్కున్నదీ ఒకే వ్యవస్థ.

సమాజానికి జరిగిన నష్టం కూడా ఈ కోణం నుంచే కనిపిస్తుంది. వాసర్ చదువుకి నల్లజాతి బుర్ర సరిపోతుందని అనీతా 1897లోనే నిరూపించింది. అది ఎవరికీ పనికిరాలేదు. ఆమె తరువాత మరో నాలుగు దశాబ్దాలు ఆ గేటు అలాగే మూసి ఉంది. భారతదేశంలో పుట్టిన ఒక అమ్మాయి ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లిందని ఆమె బతికుండగా కలకత్తాలో ఏ ఆంగ్లో-ఇండియన్ ఆడపిల్లా గర్వంగా చెప్పుకోలేకపోయింది. బంధువుల ఇళ్లలో ఫోటోలు తీసేశారు, ఉత్తరాలు చించేశారు, మేనత్తలూ పిన్నమ్మలూ పేర్లు లేకుండా పోయారు.

ఈ మధ్య ఇంకో ధోరణి వచ్చింది. పాసింగ్ చేసిన స్త్రీ తెలివితో వ్యవస్థని ఓడించిన వీరనారి అని. పాత నింద కంటే ఇది మర్యాదగా వినిపిస్తుంది గానీ లెక్క ఇక్కడా తప్పే. ఓడిపోయిన వ్యవస్థ అయితే ఆ స్త్రీలు అమ్మని అమ్మా అని పిలుచుకునేవాళ్లు.

మోసం వాదనకి చివరి పరీక్ష లూసియానాలో జరిగింది. సూసీ ఫిప్స్ అనే గృహిణి తాను తెల్లదాన్నని తప్ప వేరే ఊహే లేకుండా పెరిగింది. 1977లో పాస్‌పోర్టు కోసం జనన పత్రం అడిగితే అందులో తల్లిదండ్రుల జాతి ‘కలర్డ్’ అని ఉంది. పద్దెనిమిదో శతాబ్దపు ఒక బానిస స్త్రీ దాకా వంశవృక్షం తవ్వి, ఈమెలో ముప్పై రెండింట మూడు వంతులు నల్లజాతి రక్తముందని రాష్ట్రం కోర్టులో వాదించింది. ముప్పై రెండింట ఒక వంతుకి మించితే నల్లవారేనన్న 1970 నాటి చట్టం ఇంకా అమల్లో ఉంది. కేసు రేపిన దుమారానికి 1983లో శాసనసభ ఆ చట్టాన్ని రద్దు చేసింది. అయినా సూసీ ఓడింది. అప్పీళ్లలోనూ ఓడింది. 1986లో అమెరికా సుప్రీంకోర్టు కేసు వినడానికి నిరాకరించింది, ఆ పత్రం మారలేదు. పాసింగ్ చేసిన స్త్రీ మోసగత్తె అనేవాళ్లు, సూసీ ఫిప్స్ ఎవరిని మోసం చేసిందో ముందు చెప్పాలి.